ముందు పోవలసిన నీళ్ళు

కిల్డీర్ టౌన్‌షిప్, పెన్సిల్వేనియా
ఏప్రిల్ 18, 2004

నా ఆనా మే అక్కకు,

నీ ఉత్తరం నువ్వుంటున్న పరదేశం లా సైబా నుంచి ఇరవై రెండు రోజులు ప్రయాణం చేసి శుక్రవారం నా చేతికొచ్చింది. ఆసుపత్రిలో కొత్త నర్సులకు ఇంకా నువ్వే పాఠాలు చెబుతున్నావని చదివి నీ మరదలు జూడిత్, "ఈ ఏడు మీ అక్క రిటైరై వచ్చేస్తుందన్నావుగా, ఏదీ?" అని నన్ను ఆట పట్టించింది. నువ్వు రాకపోయినా ఫరవాలేదు గానీ మోకాళ్ళ నొప్పికి మందు వేసుకో. రోగులకు ఇచ్చే సలహా నీకూ పనికొస్తుంది.

"ఎప్పుడు రాసినా వాన గురించే రాస్తావు, మనుషుల గురించి ఒక్క ముక్క రాయవేం?" అని దెప్పావు. నా బతుకే వాన అయిపోయిందక్కా. పదహారేళ్ళుగా ఈ ఊరి బోర్డుకు ఇంజనీరుగా నేను చేసే పని ఒక్కటే. ఎవరైనా ఇల్లో కొట్టో కట్టుకుంటామని ప్లాను తెస్తే, ఆ కప్పు మీదా ఆ సిమెంటు మీదా పడే వాన ఎటు పోతుందో చూడాలి. మట్టిలో ఇంకవలసిన నీళ్ళు ఒక్కసారిగా కిందివాళ్ళ మీద పడకూడదు కదా. అందుకని కట్టేవాళ్ళు తమ స్థలంలోనే ఒక గుంట తవ్వి, ఆ నీళ్ళను కాసేపు ఆపి, చిన్న తూము గుండా నిదానంగా వదలాలి. అదీ నిబంధన. గుంట తవ్వితే అమ్ముకునే జాగా తగ్గిపోతుంది కాబట్టి ప్రతివాడూ వచ్చి "అందరికీ సరే, మాకు మాత్రం మినహాయింపు ఇవ్వండి" అంటాడు. నేను "కుదరదు" అని రాస్తాను. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది సంగతి పక్కన పెడితే, నేను సరే అన్నది ఒక్కటీ లేదు. కిందటేడు బోర్డువాళ్ళు నాకో చెక్క ఫలకం ఇచ్చారు, "లొంగని ఇంజనీరు" అని చెక్కించి. జూడిత్ దాన్ని హాల్లో తగిలించింది. నేను ఆ గోడ వైపు చూడను.

సరే, మనిషి గురించి రాయమన్నావు కాబట్టి రాస్తాను. ఆల్వెర్టా రైస్ట్ అని ఒకావిడ ఉంది. డెబ్బై నాలుగేళ్ళు. ముప్పై అయిదేళ్ళు స్కూలు బస్సు నడిపింది. కిల్డీర్ వాగు సస్క్వెహన్నా నదిలో కలిసేచోట దిగువ వీధి అని ఆరిళ్ళ వీధి ఒకటుంది, అందులో చివరి ఇల్లు ఆవిడది. వాగుకు ఎగువన, మైలున్నర దూరంలో, ఒకప్పుడు యాపిల్ తోట ఉన్న మిట్ట మీద నలభై రెండు ఇళ్ళు లేచాయి. అవి లేచిన దగ్గర్నుంచీ పెద్ద వాన పడితే చాలు, ఆవిడ సెల్లారులోకి నీళ్ళు వస్తాయి. పద్నాలుగేళ్ళలో తొమ్మిదిసార్లు. ఒకసారి సీసాల్లో పెట్టుకున్న పీచ్ పళ్ళూ బీట్‌రూట్ ఊరగాయలూ అన్నీ నీళ్ళమీద తేలుతూ బాతుల్లా తిరుగుతుంటే, గమ్ బూట్లు వేసుకుని ఒక్కొక్కటే పట్టుకుందట. ఆ సంగతి తనే చెప్పి నవ్వింది.

పద్నాలుగేళ్ళుగా నెలకో మంగళవారం జరిగే బోర్డు మీటింగు ఆవిడ ఒక్కటీ తప్పలేదు. మొదటి వరసలో కూర్చుంటుంది. ఎవరైనా మినహాయింపు అడిగితే లేచి, "ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయో మా వీధికొచ్చి చెప్పండి" అంటుంది. అంతే. అరవదు, ఏడవదు. పిల్లలు ఆవిణ్ణి "వాన మామ్మ" అంటారు. ఆవిడకా పేరంటే ఇష్టమే అనుకుంటాను.

ఇప్పుడొచ్చిన చిక్కు విను మరి. మన వాలంటీర్ ఫైరు స్టేషను పాతబడి కప్పు కురుస్తోంది. దిగువ వీధి మొదట్లో, మూతపడిన డబ్బాల ఫ్యాక్టరీ జాగాలో కొత్తది కట్టుకుంటామని చీఫ్ డ్వేన్ షెంక్ ప్లాను తెచ్చాడు. జాగా చిన్నది. వాననీటి గుంట తవ్వితే అంబులెన్సు తిరగడానికి చోటు మిగలదు. "వెర్లిన్, ఈ ఒక్కసారికి వదిలెయ్యవయ్యా. మేం కొట్లు కట్టుకోవడం లేదు, మీ ఇళ్ళు కాలితే ఆర్పడానికి కడుతున్నాం" అన్నాడు. మాట నిజమే. అయినా అలవాటు ప్రకారం "కుదరదు" అని రాసి సంతకానికి సిద్ధంగా పెట్టాను.

గురువారం మధ్యాహ్నం ఆల్వెర్టా నా ఆఫీసుకొచ్చింది. కాన్వాసు సంచిలోంచి నోటు పుస్తకాలు తీసి బల్ల మీద పెట్టింది. బస్సు నడిపిన రోజుల్లో ఏ స్టాపులో ఏ పిల్లలు ఎన్ని గంటలకెక్కారో రాసుకునేదట. ఆ అలవాటు పోలేదు.

"ఇంజనీరు బాబూ, ఆ ఫైరు స్టేషనుకి మినహాయింపు ఇచ్చెయ్" అంది.

నేను సరిగా వినలేదేమో అనుకున్నాను. "ఇవ్వమంటున్నారా?"

"మామూలు మాటల్లోనే చెబుతున్నాగా" అని నువ్వైతే అనేదానివి. ఆవిడ మాత్రం పుస్తకం తెరిచి వేలు పెట్టింది. "చదువు."

గుండ్రటి బడిపిల్ల రాత. "3:10 వాన మొదలు. 3:25 మా వీధి నీళ్ళు వాగులో పడ్డాయి. 3:50 అవి నదిలోకి పోయాయి, వాగు మామూలుగా ఉంది. 4:55 మిట్ట నీళ్ళొచ్చాయి. కోసిన గడ్డి, ఒక టెన్నిస్ బంతి. 5:20 సెల్లారులో పైనుంచి మూడో మెట్టు." ఇలాంటివి అరవై వానలు.

"చూశావా? మా వీధిలో పడ్డ వాన నలభై నిమిషాల్లో నదిలోకి పోతుంది. మిట్టమీది నీళ్ళు రావడానికి గంటన్నర పైన పడుతుంది. ఇప్పుడు నువ్వు ఆ ఫైరు స్టేషను నీళ్ళని గుంటలో పట్టి ఆపావనుకో. అవి సరిగ్గా ఎప్పుడు బయల్దేరతాయి? మిట్ట నీళ్ళొచ్చే వేళకి. రెండూ కలిసి నా ఇంట్లోకొస్తాయి. మా నీళ్ళని ముందు పోనీ నాయనా. ముందు దిగేవాళ్ళని దిగనివ్వాలి, బస్సులో ఎవడికైనా తెలుసు ఆ సంగతి."

ఆవిడ వెళ్ళాక మూడు రోజులు లెక్కలు కట్టాను. ఎటు తిప్పి కట్టినా ఆవిడ మాటే నిజం. ఊరంతటికీ మేలు చేసే నిబంధన ఆ ఒక్క జాగాలో పెడితే ఆల్వెర్టా సెల్లారులో నీళ్ళు ఇంకో నాలుగంగుళాలు లేస్తాయి. పదహారేళ్ళ ఇంజనీరు అనుభవం నాది. దాన్ని ఒక బస్సు డ్రైవరు పెన్సిలుతో కొట్టేసింది. మినహాయింపులతో నష్టపోయిన మనిషే వచ్చి మినహాయింపు ఇవ్వమని అడిగిందంటే, తన కోపాన్ని పక్కన పెట్టి నీళ్ళనే చూసిందన్నమాట. అది నాకు చేతకాలేదు. నేను ఇన్నాళ్ళూ "కుదరదు" అంటున్నది నీళ్ళను చూసి కాదు.

అదెందుకో రాయాలని కాగితం తీశాను. ఇవాళ ధైర్యం చాలడం లేదు.

నీ తమ్ముడు
వెర్లిన్

*

మే 9, 2004

అక్కా,

ఈ ఉత్తరం జూడిత్ చర్చి నుంచి వచ్చేలోగా పూర్తి చేసి పోస్టులో వెయ్యాలి. తలనొప్పి అని చెప్పి ఇంట్లో ఉండిపోయాను. చర్చి ఎగ్గొట్టి అబద్ధమాడి రాస్తున్న ఉత్తరంలో నిజం చెప్పబోతున్నాను.

మిట్ట మీద ఇళ్ళు కట్టినవాడికి 1988లో వాననీటి గుంట నుంచి మినహాయింపు ఇమ్మని బోర్డుకు సిఫారసు చేసింది నేనే.

అప్పటికి నాకు ముప్పై ఏళ్ళు. ఉద్యోగంలో చేరి మూడు నెలలు. అది నా మొదటి పెద్ద ఫైలు. అప్పటి నిబంధనలో ఒక వెసులుబాటు ఉండేది. కిందివైపు ఇళ్ళకు హాని లేదని ఇంజనీరు స్వయంగా వెళ్ళి చూసి రాసిస్తే గుంట అక్కర్లేదు. ఆఫీసులో 1949 నాటి సర్వే పటం ఒకటుంది. అందులో దిగువ వీధి లేదు. ఆ ఆరిళ్ళూ ఆ తర్వాత కట్టినవి. పటంలో వాగు, నది, మధ్యలో గడ్డి భూమి, అంతే. నేను చెయ్యాల్సిందల్లా కారెక్కి మైలున్నర కిందికి వెళ్ళి చూడటం.

వెళ్ళలేదక్కా.

ఎవరూ నాకు లంచమివ్వలేదు. ఎవరూ బెదిరించలేదు. అలాంటిదేదైనా ఉంటే చెప్పుకోవడానికి ఒక కథ ఉండేది. ఆ రోజు ఆగస్టు పదకొండు, గురువారం. చొక్కా వంటికి అంటుకుపోయే ఎండ. అయిదింటికి జూడిత్ వాళ్ళింట్లో భోజనానికి రమ్మన్నారు. మొదటిసారి వాళ్ళ నాన్నను కలవబోతున్నాను. ఇంటికెళ్ళి స్నానం చేసి కొత్త చొక్కా వేసుకోవాలి. ఫైలు మర్నాటికి ఇవ్వాలి. పటం చూశాను, గడ్డే కదా అనుకున్నాను, "కిందివైపు స్థలాన్ని ఇవాళ నేను స్వయంగా వెళ్ళి చూశాను. నివాస గృహాలేవీ దెబ్బతినవు" అని టైపు చేసి సంతకం పెట్టాను. సాయంత్రం వాళ్ళ నాన్న నా ప్లేటులో రెండోసారి హామ్ మాంసం ముక్కలు వేశాడు. ఇంటికొస్తూ దారి పొడుగునా పాడుకున్నాను. నా జీవితంలో అంత సంతోషంగా ఉన్న రోజులు వేళ్ళమీద లెక్కపెట్టచ్చు. అందులో అదొకటి.

తొంభై జూన్‌లో మొదటి పెద్ద వాన పడింది. మర్నాడు ఫిర్యాదు వస్తే వెళ్ళాను. అప్పుడు చూశాను దిగువ వీధిని. ఆరిళ్ళు, ఆరు వరండాలు, తీగలమీద తడిసిన దుప్పట్లు. ఆల్వెర్టా గడపలో నిలబడి, "మీరేనా కొత్త ఇంజనీరు?" అంది. "అవునండీ" అన్నాను.

అప్పట్నుంచీ నేను లొంగని ఇంజనీరునయ్యాను. ఒక్క మినహాయింపు కూడా ఇవ్వకపోవడం నిజాయితీ అని ఊరు అనుకుంది. నాకు మాత్రం తెలుసు, అది భయం. ఇంకోసారి ఆ వాక్యం రాయాల్సి వస్తుందన్న భయం. నిబంధనల్లో చాలా మారాయిగానీ ఆ వాక్యం మారలేదు. మినహాయింపు ఇమ్మని రాసే ప్రతి నివేదికలోనూ "నేను స్వయంగా వెళ్ళి చూశాను" అని ఉండి తీరాలి.

ఇంకొకటి కూడా చెప్పాలి. తొంభై ఆరు జనవరిలో మంచు కరిగి, దానికి వాన తోడై నీళ్ళొచ్చినప్పుడు, ఆల్వెర్టా భర్త మెల్విన్ సెల్లారులోంచి కుట్టు మిషను పైకి తెస్తూ తడి మెట్ల మీద జారాడు. తుంటి విరిగింది. పాల లారీ నడిపే మనిషి, మళ్ళీ స్టీరింగు పట్టలేదు. మూడేళ్ళు కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని పోయాడు. దేనివల్ల పోయాడని డాక్టరు రాశాడో నాకు తెలుసు. గుండె అని రాశాడు. అది చదివి నేను ఊపిరి పీల్చుకున్నాను, అక్కా. నీ తమ్ముడు అలాంటివాడు.

వచ్చే నెల ఎనిమిదిన మీటింగు. ఫైరు స్టేషనుకు మినహాయింపు ఇమ్మని నేను రాయాలి, ఎందుకంటే అదే సరైనది. ఈసారి నిజంగానే వెళ్ళి చూశాను, నాలుగుసార్లు, రెండుసార్లు వానలో. కానీ ఆ వాక్యం టైపు చెయ్యబోతే వేళ్ళు కదలడం లేదు. మొదటిసారి రాసింది అబద్ధమని చెప్పకుండా రెండోసారి నిజం రాయలేను. అందరి ముందూ చెప్పేస్తాను. రాజీనామా కూడా రాసి సొరుగులో పెట్టాను.

నీ జవాబు వచ్చేదాకా ఆగడానికి వీల్లేదు. ఆపమనే జవాబు రాయవని తెలుసు గాబట్టే నీకు రాస్తున్నాను.

వెర్లిన్

*

జూన్ 10, 2004

అక్కా,

చెప్పేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీటింగు స్కూలు భోజనాల హాల్లో, ఏడింటికి. మామూలుగా పదిమంది వస్తారు. ఆ రోజు ఎనభై మంది. ఫైరు స్టేషను వాలంటీర్లు కుటుంబాలతో సహా వచ్చారు. మిట్ట మీది వాళ్ళూ కొందరు వచ్చారు. మొదటి వరసలో ఆల్వెర్టా, ఒళ్ళో కాన్వాసు సంచి. బోర్డు ఛైర్మన్ హార్లన్ గ్రాఫ్ పశువుల పాలు పితికి నేరుగా వచ్చినట్టున్నాడు, బూట్లకు గడ్డి ఉంది. నా నివేదిక పైకి చదివి ఆగాడు.

"వెర్లిన్, ఇదేంటయ్యా? మినహాయింపు ఇమ్మంటున్నావా, నువ్వు? నా కళ్ళజోడు మార్పించుకోవాలేమో."

అందరూ నవ్వారు. నేను లేచాను. జూడిత్ వెనక వరసలో ఉంది. రావద్దన్నాను, అయినా వచ్చింది. తనకు ముందే చెప్పాలని నాకు తెలుసు. వంటింట్లో రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ ఉప్పు అడిగాను.

ముందు ఫైరు స్టేషను సంగతి చెప్పాను. నీళ్ళను ఆపితే ఎందుకు చెరుపో, ముందు పోనిస్తే ఎందుకు మేలో, ఆ లెక్క ఎవరిదో. తర్వాత, "ఇదే వాక్యం నేను 1988లో మిట్ట ఇళ్ళ కోసం రాశాను. అప్పుడు అది అబద్ధం. నేను వెళ్ళలేదు" అన్నాను. తారీకు చెప్పాను, పటం సంగతి చెప్పాను.

మొదట మాట్లాడింది డ్వేన్ షెంక్. "ఇవాళే చెప్పాలా నువ్వు? పదహారేళ్ళు ఆగినవాడివి మా ఓటయ్యేదాకా ఇంకో పది నిమిషాలు ఆగలేకపోయావా?"

అతని బాధ అర్థమైంది. బోర్డు సభ్యురాలు రూత్ ఆన్ జెర్బే, స్కూల్లో లెక్కలు చెప్పే ఆవిడ, పెన్ను కింద పెట్టింది. "నాకో అనుమానం మిస్టర్ వెర్లిన్ ఎష్లెమన్. ఒకసారి చూడకుండా చూశానన్నవాడు ఇప్పుడు నిజంగా చూశాడని మేమెట్లా నమ్మాలి? మీ మాట మీద ఈ మినహాయింపు ఇచ్చి, రేపు నీళ్ళొస్తే ఈ ముసలావిడకు ఏం జవాబు చెప్పాలి?"

అబద్ధం చెప్పినవాడు ఆఖరికి పోగొట్టుకునేది అదే, నిజం చెప్పినప్పుడు నమ్మించే శక్తి.

"ముసలావిడ ఇక్కడే ఉంది, ఆవిడనే అడగచ్చుగా" అంది ఆల్వెర్టా. లేవడానికి కాస్త టైము పట్టింది. సంచిలోంచి ఒక పాత డైరీ తీసింది.

"హార్లన్, నువ్వు కూడా విను. ఎనభై ఎనిమిది ఆగస్టు పదకొండు, గురువారం. పొద్దుట్నుంచీ చీకటిపడేదాకా వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను. మెల్విన్ కంచెకు రంగేశాడు. ఆ రోజు మా వీధిలోకి వచ్చింది ఇద్దరే. పోస్టాయన, తప్పిపోయి వచ్చిన ఒక దూడ. ఇంజనీరు రాలేదు. తొంభైలో నీళ్ళొచ్చాక ఆఫీసుకొచ్చి ఆ కాగితం అడిగి తీసుకుని చదివాను. ఇంటికెళ్ళి డైరీ చూసుకున్నాను. ఆ రోజే తెలుసు నాకు."

అక్కా, పద్నాలుగేళ్ళు. మొదటి వరసలో కూర్చుని, ప్రతి నెలా నా మొహం చూస్తూ.

హార్లన్ అన్నాడు, "మరి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

"చెబితే ఏం చేసేవాళ్ళు? ఇతన్ని పంపించేసి ఇంకొకణ్ణి తెచ్చేవాళ్ళు. ఆ వచ్చేవాడు ఎలాంటివాడో ఎవడికెరుక? ఇతను మాత్రం నీళ్ళొచ్చిన మర్నాడు మా గడప దగ్గర నిలబడి నా మొహం చూడలేక తన బూట్లకేసి చూసుకున్నాడు. సిగ్గున్నవాడని అర్థమైంది. సిగ్గున్నవాడు రెండోసారి చూడకుండా సంతకం పెట్టడు. బస్సులో ముప్పై అయిదేళ్ళు పిల్లల మొహాలు అద్దంలో చూశాను, ఆ మాత్రం తెలీదా? మా వీధికి అలాంటివాడు కావాలి. అందుకని అట్టిపెట్టుకున్నాను."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఆవిడ నావైపు తిరిగింది.

"క్షమించాననుకోకు. మెల్విన్ మెట్ల మీద పడ్డ చప్పుడు నాకింకా వినిపిస్తుంది. అది నాకూ నీకూ దేవుడికీ మధ్య ఉన్న సంగతి, ఇక్కడ తేలేది కాదు. ఇవాళ్టి సంగతి నీళ్ళది." మళ్ళీ బోర్డు వైపు తిరిగి, "అతని మాట నమ్మద్దు. నా మాటా నమ్మద్దు. ఇంకా వెలుగుంది. నాలుగడుగులు నడిస్తే మా వీధి. కాళ్ళున్నవాళ్ళు వచ్చి చూసుకోండి" అంది.

ఈ ఊరి చరిత్రలో ఎప్పుడూ జరగని పని జరిగింది. రూత్ ఆన్ లేచింది. "నేను చూడకుండా ఓటెయ్యను" అంది. హార్లన్ మీటింగును అరగంట వాయిదా వేశాడు. ఎనభై మందీ ఆల్వెర్టా వెనకాల దిగువ వీధికి నడిచారు. జూన్ సాయంత్రం, ఇంకా పొద్దు కుంకలేదు. పాత ఫ్యాక్టరీ జాగాలో నిలబెట్టి, నీళ్ళు ఏ వైపు దొర్లుతాయో, ఎక్కడ వాగులో పడతాయో, వాగు నదిలో కలిసేది ఎంత దగ్గరో చేత్తో చూపించింది. తర్వాత ఒక్కొక్కరినీ సెల్లారులోకి దింపింది. మెట్ల పక్క గోడ మీద తొమ్మిది పెన్సిలు గీతలు, పక్కన తారీకులు. పైనుంచి మూడో మెట్టు దగ్గర అన్నిటికంటే పెద్ద గీత. రూత్ ఆన్ ఆ గీత ముందు నిలబడి చేత్తో కొలుచుకుంది. ఆవిడ భుజం దాటింది.

మిట్ట మీద ఉండే కీత్ ఫార్నీ అనే అతను బట్టలుతికే మిషను పక్కనున్న బుట్టకేసి వేలు చూపించాడు. దాన్నిండా మట్టి పట్టిన టెన్నిస్ బంతులు. "అవి… మా కుక్కవనుకుంటా" అన్నాడు నీరసంగా.

"అయితే పట్టుకెళ్ళు. దానికి బెంగగా ఉంటుంది" అంది ఆల్వెర్టా.

తిరిగి వచ్చాక ఓటు. ముగ్గురికి ముగ్గురూ మినహాయింపుకే. ఒక షరతు పెట్టారు, రూత్ ఆన్ రాయించింది: ఫైరు స్టేషను కప్పు నీళ్ళు పైపులో నేరుగా నదిలోకే పోవాలి, వాగులోకి కాదు. ఇంకొకటి కూడా తీర్మానించారు. మిట్ట మీద ఎప్పుడో తవ్వాల్సిన గుంటను ఊరే తవ్వాలని. నేను రాజీనామా ఇచ్చాను. హార్లన్ చదవకుండానే చొక్కా జేబులో పెట్టుకుని, "వచ్చే నెల చూద్దాం. ఆవులు ఎదురుచూస్తుంటాయి" అన్నాడు.

జూడిత్ ఇల్లు రాగానే హాల్లోకెళ్ళి ఆ చెక్క ఫలకాన్ని గోడమీంచి తీసి అల్మరాలో పెట్టింది. తర్వాత నా పక్కన కూర్చుంది. "ఉప్పు అడిగినప్పుడే అనుకున్నాను, ఏదో ఉందని. కూరలో ఉప్పు సరిపోయింది ఆ రోజు" అంది. అంతకన్నా ఎక్కువ రాయలేను.

వెర్లిన్

*

అక్టోబరు 3, 2004

ఆనా మే అక్కకు,

నీ జవాబు జులైలోనే వచ్చింది. "రెండు వేల మైళ్ళ అవతల ఉన్నదానికి రాసే ధైర్యం ఉన్నవాడికి, వంటింట్లో ఉన్నదానికి చెప్పే ధైర్యం లేదా?" అని నువ్వు తిట్టిన తిట్టు జూడిత్ చదివి, కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించింది. ఇంతకాలం జవాబు రాయనందుకు కోప్పడకు. పగలంతా మిట్ట మీదే ఉంటున్నాను.

నేను చేసింది రాష్ట్ర ఇంజనీర్ల బోర్డుకు నేనే రాసి పంపాను. మందలింపు వచ్చింది, నా పేరు మీద ఎప్పటికీ ఉంటుంది. రాజీనామాను మన బోర్డు ఒప్పుకుంది, జనవరి ఒకటి నుంచి. హార్లన్ అన్నాడు: "నిన్ను ఉంచుకుంటే రేపు ఎవడికీ తప్పని చెప్పలేం. పంపించేస్తే గుంట తవ్వేవాడు లేడు. అందుకని గుంట తవ్వి పో." న్యాయంగానే ఉంది. మంచి తీర్పులు పశువుల కొట్టంలో తయారవుతాయేమో. తర్వాత ఏం చేస్తానో ఇంకా తెలీదు. నది అవతల ఒక సర్వే ఆఫీసులో పని ఉందంటున్నారు.

గుంటకు జాగా ఎక్కడన్నది పెద్ద తగవైంది. మిట్ట మీద ఖాళీ లేదు, అందరి పెరళ్ళూ కంచెలతో నిండిపోయాయి. చివరికి కీత్ ఫార్నీ తన పెరట్లో వాలుగా ఉన్న సగం ఇచ్చాడు. "ఎంతమందిని అడిగినా ఒక్కరూ ఇవ్వలేదు, నువ్వెందుకిచ్చావయ్యా?" అని అడిగాను. "ఆ సెల్లారులోకి దిగానుగా, ఎక్కి వచ్చినప్పట్నుంచీ పెరట్లో నీళ్ళ పైపు తిప్పాలన్నా ఆవిడే గుర్తొస్తోంది" అన్నాడు. ఆ రోజు కిందికి దిగి చూడని వాళ్ళలో ఒక్కరూ తమ జాగా ఇవ్వలేదు, అది గమనించాను.

సెప్టెంబరులో తుఫాను తోక తగిలి పెద్ద వాన పడింది. గుంట ఇంకా సగమే. ఫైరు స్టేషనుకు పునాదులూ నేలా వేశారు, పైపు పడింది. ఆ నీళ్ళు ముందే నదిలోకి పోయాయి. మిట్ట నీళ్ళు తర్వాత వచ్చాయి. ఆల్వెర్టా సెల్లారులోకి వచ్చాయి కూడా, అబద్ధమెందుకు. పైనుంచి ఆరో మెట్టు దాకా. అంతకుముందు ఇలాంటి వానకు మూడో మెట్టు. "సగం గుంటకి మూడు మెట్లు. మిగతా సగం తొందరగా కానియ్యి" అని ఫోన్లో చెప్పి పెట్టేసింది.

నిన్న శనివారం ఆవిణ్ణి మిట్ట మీదికి తీసుకొచ్చాను. గుంట చూస్తానని తనే అడిగింది. కారులో తెలిసింది, ఈ పద్నాలుగేళ్ళలో ఆవిడ ఒక్కసారి కూడా మిట్ట ఎక్కలేదని. నేను అడిగితే, "ఎవరు పిలిచారు నన్ను?" అంది. కీత్ భార్య బెల్లపు పాకంతో పిండివంట, మొలాసెస్ పై, చేసి పెట్టింది. ఆవిడ తిని, "పిండి కాస్త గట్టిపడిందమ్మా, అయినా బాగుంది" అంది. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

తర్వాత కర్ర ఊతంతో గుంట గట్టు మీదికెక్కింది. తవ్వే మిషను ఆపరేటరు ఇంజను ఆపాడు. ఆల్వెర్టా కిందివైపు చూసింది. కళ్ళు చికిలించి, కర్ర ఎత్తి చెట్ల మధ్య ఏదో వెతికింది. పై అంచు నుంచి చూస్తే వాలు మధ్యలో ఉబ్బెత్తుగా ఉంటుంది, దాని అవతల వాగు గట్టు మీద సిల్వర్ మేపుల్ చెట్లు. ఆ తర్వాత నది మెరుస్తూ కనిపిస్తుంది.

"మా ఇల్లేదీ?" అంది.

నేను చూపించబోయాను. చూపించడానికి ఏమీ లేదు. దిగువ వీధి ఆ ఉబ్బెత్తు కింద ఉండిపోయింది. ఒక్క కప్పు కూడా కనిపించలేదు.

"ఇక్కణ్ణుంచి మేము కనబడమన్నమాట" అంది మెల్లిగా. ఆ మాటలో కోపం లేదు. ఎన్నాళ్ళుగానో తెలీని ఒక లెక్క తేలినట్టు తల ఊపింది. కీత్ పక్కకు తిరిగి కంచె పట్టుకున్నాడు.

ఆవిడ నా మోచేతి మీద చెయ్యి వేసింది, గట్టు జారుడుగా ఉంది కాబట్టి పడకుండా పట్టుకోవడానికి. అంతకుమించి దానికి అర్థం చెప్పుకోవడానికి నాకు హక్కు లేదు. కానీ దిగేదాకా చెయ్యి తీయలేదు.

దిగాక గుంటలోకి తొంగి చూసి, ఆపరేటరును కర్రతో పిలిచింది. "ఏం నాయనా, ఎంత లోతు తవ్వమన్నాడు మా ఇంజనీరు?"

"ఆరడుగులండీ."

"ఏడు తవ్వు" అంది.

అతను నావైపు చూశాడు. నేను ప్లాను తీసి, ఆరు కొట్టేసి ఏడు రాసి, పక్కన సంతకం పెట్టాను.

నీ
వెర్లిన్